పంతొమ్మిది ఉపవాసాలు

మా నాన్న ప్రాణం మీదికి తెచ్చిన ప్రశ్నలో ఆరు మాటలే ఉన్నాయి. ఆ ఆరు మాటలూ వకీలమ్మకి అందించింది నేను.

ఉదయం పదిన్నర. రేడియో స్టేషన్ రెండో అంతస్తు. గాజు గోడకి ఇవతల నేను నిలబడి ఉన్నాను. అవతల గుండ్రటి బల్ల చుట్టూ నలుగురు: కార్యక్రమం నడిపే అమ్మాయి, వకీలమ్మ, పార్టీ కార్యదర్శి, మా నాన్న. నాన్న ఏసీ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, పరీక్ష రాయడానికి వచ్చినవాడిలా బిగుసుకుపోయి ఉన్నారు. బయల్దేరే ముందు ఆ చేతుల్ని సబ్బుతో మూడుసార్లు కడిగారు. రేడియోలో చేతులు కనిపించవు నాన్నా అంటే, "ఎదురుగా కూర్చున్నవాళ్లకి కనిపిస్తాయిగా" అన్నారు.

మా నాన్న కబేళాలో పశువుల్ని కోస్తారు. నలభై ఒక్క ఏళ్లుగా అదే పని. ఊళ్లో ముస్లిములందరికీ ఆయన ఉస్తాద్. అదే కబేళాలో నేను పశువుల డాక్టర్ని.

గొడవ ఇదీ. పశువుకి ముందు కరెంటుతో స్పృహ తప్పించి ఆ తర్వాతే కొయ్యాలని వకీలమ్మ కోర్టులో పిటిషన్ వేసింది. జంతు రక్షణ సంఘం ఒకటి ఆమె వెనకుంది. అది తమ మతంలో వేలు పెట్టడమేనంటూ పార్టీ రోడ్డెక్కింది. దేవుడి చట్టమే ఊరి చట్టం కావాలన్నది ఆ పార్టీ జెండా మీది మాట. తొమ్మిది నెలల కిందట పురపాలక సంఘం వాళ్ల చేతికొచ్చింది. దాంతోపాటు కబేళా కూడా.

"మనిషికి హక్కులు ఎందుకిచ్చాం? కొడితే నొప్పి పుడుతుంది కాబట్టి," వకీలమ్మ మొదలుపెట్టింది. "ఆ నొప్పి నాలుక్కాళ్లదానికీ పుడుతుంది. అది నోరు తెరిచి చెప్పలేదు. అంతే తేడా."

"అమ్మా, హక్కంటే ఎవరికి వాళ్లు నేలమీద గీసుకునే గీత కాదు," కార్యదర్శి గొంతు మెత్తగా ఉంటుంది. పెళ్లి సంబంధం మాట్లాడుతున్నట్టు మాట్లాడతాడు. "దేవుడిస్తాడు, సమాజం కాపాడుతుంది. నా ఇష్టం, నా హక్కు అని ఒక్కొక్కరూ లేస్తే ఇక దాన్ని ఊరనక్కర్లేదు, బస్టాండనొచ్చు."

"సమాజానికి మీ పార్టీ ఎప్పుడు తాళంచెవి చేయించుకుందో చెప్పండి, వింటాం."

యాంకరమ్మాయి నవ్వాపుకుంది. కార్యదర్శి నవ్వలేదు. నాన్న భుజమ్మీద చెయ్యి వేశాడు. "పుస్తకాల్లో మాటలెందుకు? నలభై ఒక్క ఏళ్లు కత్తి పట్టిన మనిషి ఎదురుగా ఉన్నాడు. ఈయన చేతిలో పశువుకి నొప్పంటే తెలీదు. అడగండి మీరే."

అందుకే తీసుకొచ్చాడాయన్ని. వకీలమ్మ కూడా అందుకే ఎదురుచూస్తోంది.

"ఉస్తాద్ గారూ, పోయిన నెలలో మీరు ఎన్ని రోజులు ఉపవాసమున్నారు?"

కార్యదర్శి మొహం వెలిగింది. భక్తి గురించి అడుగుతోందనుకున్నాడు. "రంజాన్ కూడా కాదు చూడండి, అయినా ఈయన..."

"పంతొమ్మిది," అన్నారు నాన్న.

"ఎందుకు?"

నాన్న తల తిప్పి గాజులోంచి నన్ను చూశారు. రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో ఆయనకి అంతా అర్థమైపోయింది. అయినా మైకు వైపు తిరిగారు.

"కోత చెడితే ఉంటానమ్మా. ఒక్కో పశువుకి ఒక్కో రోజు."

"చెడడమంటే?"

"కత్తి ఒక్కసారే వెళ్లాలి. రెండోసారి వెళ్లిందంటే అది బాధపడినట్టే. పక్కదాని చావు చూస్తే గింజుకుంటుంది, అప్పుడే కత్తి రెండోసారి వెళ్లాల్సొస్తుంది."

"ఏడాది కిందటి దాకా ఏడాదికి ఎన్ని ఉపవాసాలుండేవారు?"

"మూడు."

"ఏడాదికి మూడు. ఇప్పుడు నెలకి పంతొమ్మిది. ఏం మారింది ఉస్తాద్?"

కార్యదర్శి అరచేత్తో మైకు మూసేశాడు. యాంకరమ్మాయి గబగబా ప్రకటనలకి వెళ్లింది. కానీ కార్యక్రమం ప్రత్యక్ష ప్రసారం. పంతొమ్మిదన్న మాట అప్పటికే ఊరంతా వినేసింది.

నాన్న అసలు అబద్ధాలాడరని కాదు. మా అత్తయ్య చేతి వంట బాగుందని ముప్పై ఏళ్లుగా ఆడుతూనే ఉన్నారు. కానీ ఉపవాసం గురించి ఆడరు. అది ఆయనకీ దేవుడికీ మధ్య సంగతి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకుండా పక్కన పెట్టడం చూసి, నేను పీక మీద కూర్చుంటే చెప్పారు. బతికుండగా అమ్మకి కూడా తెలియని విషయం.

మరి నేనెందుకు బయటపెట్టాను? పై అధికారులకి మూడు రిపోర్టులు రాశాను కాబట్టి. మూడింటికీ జవాబు లేదు. కాగితాన్ని తొక్కిపెట్టారు, నలభై ఒక్క ఏళ్ల ఉస్తాద్ మాటని తొక్కిపెట్టలేరు కదా అనుకున్నాను. నాన్న వాళ్ల మనిషి, ఐదు పూటలా వాళ్లతో ఒకే వరసలో నిలబడేవాడు, ఆయన్నెవరేం చేస్తారులే అనుకున్నాను.

చదువుకున్నదాన్ని. అలా అనుకున్నాను.

*

మర్నాడు పొద్దున్నే కబేళాకి వెళ్లాం. ఇంటి నుంచి గేటు దాకా నాన్న నాకంటే పదడుగులు ముందే నడిచారు.

కబేళా పొడవాటి రేకుల షెడ్డు. ఒక చివర పశువులు ఎక్కే వాలు దారి, మధ్యలో కోసే చోటు, ఆ తర్వాత తోలు తీసే కొక్కేలు. పార్టీ రాకముందు రోజుకి అరవై పశువులు. ఒక్కొక్కదాన్నే మందపాటి తార్పాలిన్ తెర వెనక్కి తీసుకెళ్లేవారు. ఒకదాని పని పూర్తయి, నేల కడిగితేగానీ రెండోది లోపలికొచ్చేది కాదు. కత్తిని దానికి కనిపించనిచ్చేవారు కాదు. ఒక్కో కోతకీ ముందు నాన్న కత్తి అంచుని బొటనవేలి గోటి మీద ఆనించి చూసేవారు. గోటి మీద జారితే మళ్లీ నూరేవారు.

ఇప్పుడు రోజుకి నూట యాభై. తెర తీసేశారు. నూరడానికి పట్టే టైములో మూడు పశువులొస్తాయి. ఏడోది, ఎనిమిదోది ముందున్నవాటిని చూస్తూ కాళ్లు బిగదన్నుకుని నిలబడిపోతుంది. గింజుకునే మెడ మీద మొద్దు కత్తి ఒక్కసారే వెళ్లమంటే ఎలా వెళుతుంది? చెడిన ప్రతిదాన్నీ నాన్న పక్కన పెట్టించేవారు. "దీనికి హలాల్ ముద్ర వెయ్యకు" అనేవారు. ముద్ర వేసేది పార్టీ మనిషి. నాన్న అటు తిరగ్గానే వేసేసేవాడు.

తోలు తీసే బొంగురోడు మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అతని గొంతు పాత ఇనప గేటు తెరిచినట్టు ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే పలకడం కూడా మర్చిపోయాడు.

"ఉస్తాద్, రేడియోలో నీ గొంతు విని మా ఆవిడ అడిగింది, ఎవరీ కుర్రాడు అని."

"రోజూ నీ గొంతు విన్నాక ఎవరైనా కుర్రాళ్లలాగే వినిపిస్తారు."

షెడ్డులో నలుగురైదుగురు నవ్వారు. నాన్న కూడా. ఆ షెడ్డులో ఆయన నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

తొమ్మిదింటికి కార్యదర్శి వచ్చాడు. తెల్ల బూట్లు తడి నేల మీద జాగ్రత్తగా పెడుతూ నడిచాడు. వెనక ఇద్దరు, చేతులు కట్టుకుని. నేను దూరంగా వెళ్లబోతే, "డాక్టరమ్మా, మీరూ వినండి" అన్నాడు.

"ఉస్తాద్, పొరపాటు మనిషన్నవాడికి జరుగుతుంది. నేనేం కోపంగా లేను."

"సరే."

"శుక్రవారం నమాజు తర్వాత మైకిస్తాను. ఒక్క మాట చెప్పండి చాలు. ఆ ఉపవాసాలు పోయిన మీ ఇంటావిడ పేరున ఉన్నాను, ఆ ఆడలాయరు తికమక పెట్టేసరికి నోరు జారాను అనండి. అయిపోతుంది."

"మా ఆవిడ పేరున నేను ఉండలేదే."

"ఉండొచ్చుగా! ఎవరికి తెలుస్తుంది?"

నాన్న పైకి చూశారు. రేకుల్ని కాదు, ఆ రేకుల పైనున్న వాడిని చూసినట్టు. కార్యదర్శికి ఆ చూపు అర్థమైంది. అప్పుడు మాత్రం గొంతులో మెత్తదనం తగ్గింది.

"నేను దేవుణ్ణి మర్చిపోయానంటారా? వారానికోసారి నాలుగు వేల ఇళ్లకి ఉచితంగా మాంసం పంపుతున్నాం. ఎన్ని ఇళ్లలో పిల్లలు ఆ ఒక్క రోజు కడుపునిండా తింటున్నారో నాకు తెలుసు. నేనూ అలాంటి ఇంట్లోనే పుట్టాను. మీ తెర కోసం, మీ గోటి పరీక్ష కోసం వాళ్లని పస్తు పెట్టమంటారా? ఒక పశువు ఒక్క నిమిషం ఎక్కువ గింజుకుందని?"

ఆ మాటలో నిజముంది. అదే నన్ను భయపెట్టింది. అతను అబద్ధాలకోరయితే తేలిగ్గా ఉండేది.

"ఇంకో ఇద్దర్ని పెట్టు," అన్నారు నాన్న. "ఇంకో షెడ్డు వెయ్యి. తెర కట్టు. నాలుగు వేలు కాదు, ఎనిమిది వేల ఇళ్లకి పంపు. నేనొద్దన్నానా?"

"ఇప్పుడు తెర కడితే ఆ వకీలు గెలిచినట్టు. మనం తప్పు చేశామని ఒప్పుకున్నట్టు."

"చేశాంగా."

వెనకున్న ఇద్దరిలో ఒకడు ముందుకి కదిలాడు. కార్యదర్శి చెయ్యి అడ్డం పెట్టాడు. "శుక్రవారం. నా దగ్గరున్న కుర్రాళ్లు అందరూ నేను చెబితే వినేవాళ్లు కాదు ఉస్తాద్. మీ అమ్మాయి కూడా రోజూ ఒంటరిగా తిరుగుతుంది. ఆలోచించండి."

బూట్ల మీద పడ్డ ఎర్రటి చుక్కని చేతిరుమాలుతో తుడుచుకుని వెళ్లిపోయాడు.

*

ఇంటికొచ్చాక నాన్న కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నారు. అత్తయ్య కంచం పెట్టి, మా ఇద్దరి మొహాలూ చూసి, "ఇంట్లో ఇద్దరు మాటలాడే మనుషులున్నారని అందరికీ చెప్పుకుంటున్నాను, నా పరువు తియ్యకండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"చెప్పింది నువ్వేగా," అన్నారు నాన్న.

"అవును."

"ఎందుకు తల్లీ?"

"మీరు చెబితే తెర మళ్లీ కడతారనుకున్నాను."

"నేను వాళ్లకి మూడుసార్లు చెప్పాను. నువ్వు కాగితం మీద రాశావు, నేను నోటితో చెప్పాను. అది వేరు. ఉపవాసం వేరు. అది నాది. నా తప్పుకి నేను కట్టుకునే శిక్ష. దాన్ని బజార్లో పెట్టే హక్కు నీకెవరిచ్చారు?"

రేడియోలో గంటసేపు హక్కుల మీద మాట్లాడుకున్నారు. అందులో ఈ హక్కు ఎవరికీ గుర్తురాలేదు. నాకు కూడా.

"తప్పే. కాళ్లు పట్టుకుంటాను నాన్నా. కానీ శుక్రవారం ఆ ఒక్క మాటా చెప్పెయ్యండి. అమ్మ పేరున అని చెప్పండి. అమ్మ ఏమీ అనుకోదు."

"మీ అమ్మా?" నాన్న చిన్నగా నవ్వారు. "మీ అమ్మ అనుకోకుండా ఊరుకున్న విషయం ఒక్కటి చెప్పు."

"జోకులొద్దు. వాళ్లు చంపేస్తారు."

"చంపొచ్చు."

"మీకేమీ కాదు, పోతారు. నేను ఉంటాను. నేను చెప్పడం వల్ల పోయారని రోజూ గుర్తు చేసుకుంటూ ఉంటాను. మీ నిజం సరే, నా సంగతేంటి?"

ఆయన కంచం పక్కకి జరిపారు. "నువ్వు అడుగుతున్నదీ వాళ్లు అడుగుతున్నదీ ఒకటే మాట తల్లీ. వాళ్లడిగితే కోపమొచ్చింది. నువ్వడిగితే భయమేస్తోంది."

అన్నం తినలేదు. ఉపవాసం కాదు. తినలేకపోయారు.

*

గురువారం వకీలమ్మ ఆఫీసుకి పరిగెత్తాను. మెట్ల గోడ మీదే కనిపించింది పోస్టర్. రేడియో స్టేషన్ బయట ఎవరో తీసిన నాన్న ఫొటో. ఆయన చేతిలో లేని కత్తి ఒకటి బొమ్మగా అతికించారు. కింద పెద్దక్షరాలు: "వాళ్ల కసాయే ఒప్పుకున్నాడు. ఇదీ వాళ్ల మతం."

"ఇదేంటి?" పోస్టర్ చింపి బల్ల మీద పడేశాను.

వకీలమ్మ కళ్లజోడు తీసింది. కళ్ల కింద నల్లటి చారలు. ఆమె కూడా వారం నుంచి సరిగ్గా నిద్రపోయినట్టు లేదు. "నేను వెయ్యలేదు. సంఘంవాళ్లు వేశారు."

"తీయించండి."

"నాకు కూడా నచ్చలేదు డాక్టర్. మీద పడి అరిచాను. కానీ ఈ నాలుగు రోజుల్లో కేసు గురించి మాట్లాడినంతగా నాలుగేళ్లలో ఎవరూ మాట్లాడలేదు. నెలకి నాలుగు వేల పశువులు. వాటి తరఫున మాట్లాడే నోరు నాకు ఒక్కటే దొరికింది."

"ఆ నోరు మా నాన్నది."

"తెలుసు."

"ఆయన చెప్పింది మతం తప్పని కాదు. మతం చెప్పినట్టు చెయ్యనివ్వట్లేదని."

"కోర్టుకి ఆ తేడా చెప్పొచ్చు. పోస్టర్లో పట్టదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "ఆయన మా తరఫున అఫిడవిట్ ఇస్తే పోలీసు రక్షణ అడగ్గలను. మత నియమాల వల్లే పశువులకి ఈ బాధ అని ఒక్క వాక్యం ఉండాలి. అది లేకపోతే ఆయన మా సాక్షి కాదు, సంఘం ఒప్పుకోదు."

అందరికీ ఒక్క వాక్యమే కావాలి. ఆ కాగితం నేను ఇంటికి తీసుకెళ్లలేదు. తీసుకెళితే ఆయన ఏమంటారో తెలుసు.

*

శుక్రవారం. మసీదు బయట రోడ్డు మీద కూడా చాపలు పరిచారు. ఆడవాళ్ల వైపు గేటు దగ్గర నేనూ అత్తయ్యా నిలబడ్డాం. లోపల ఏం జరుగుతోందో కనిపించదు. లౌడ్‌స్పీకర్ ఒక్కటే ఆధారం.

నమాజు అయింది. కార్యదర్శి గొంతు వినిపించింది. ఆ తర్వాత మైకు చేతులు మారిన గరగర. ఆ తర్వాత నాన్న.

"రేడియోలో చెప్పింది నిజమే. నా కోత చెడింది. పంతొమ్మిదిసార్లు."

అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మన మతం క్రూరమైందని పోస్టర్ వేశారు. అది అబద్ధం. పశువుకి ఎదురుగా కత్తి నూరకూడదని, ఒకదాని ముందు ఇంకోదాన్ని కొయ్యకూడదని నేను ఏ వకీలు దగ్గరా నేర్చుకోలేదు. ఇదే మసీదులో, పదేళ్లప్పుడు నేర్చుకున్నాను. పశువుకి కూడా మన మీద హక్కుంది. ఆ హక్కుని తీసేసింది వాళ్లు కాదు. తెర తీయించింది మన..."

టక్కున ఆగిపోయింది. కరెంటు కాదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. మైకు తీగ లాగేశారు. ఆపైన లోపల కేకలు.

చెప్పులు కూడా వదలకుండా నేను మగవాళ్ల వైపుకి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి నాన్న స్తంభానికి వీపు ఆనించి ఉన్నారు. బొంగురోడూ, కబేళావాళ్లు నలుగురూ ఆయన చుట్టూ చేతులు కలిపి నిలబడ్డారు. బొంగురోడి నుదురు చిట్లి రక్తం కారుతోంది. "ముట్టుకోండిరా, ముట్టుకోండి!" అని ఆ ఇనప గొంతుతో అరుస్తున్నాడు. ముసలి ఇమాం గుంపుకి అడ్డంగా రెండు చేతులూ చాపి, "ఆయనన్నదాంట్లో తప్పేముంది? చూపించండి నాకు!" అంటున్నాడు. పావుగంటకి పోలీసులు వచ్చారు. కొట్టినవాళ్లని వదిలేసి నాన్నని జీపెక్కించారు. ఆయన మంచికేనన్నారు.

*

మసీదులో అన్న మాటలకి నాన్న మీద పెట్టిన మత నింద కేసు నిలవలేదు. అందులో నింద ఏముందని ఇమామే కోర్టులో అడిగాడు. నేను పొంగిపోయాను. నాలుగు రోజులు. ఐదో రోజు కొత్త కేసు పెట్టారు. ఆ తెలివి ఎవరిదో నాకు తెలుసు.

కోత చెడిందని ముద్దాయే ఒప్పుకున్నాడు. చెడిందని తెలిసీ ఆ పంతొమ్మిది పశువుల మాంసాన్ని హలాల్ పేరుతో విశ్వాసుల ఇళ్లకి పంపించాడు. వేలమందిని మోసం చేశాడు. సాక్ష్యం: కబేళా డాక్టర్ స్వయంగా రాసిన మూడు రిపోర్టులు, పంతొమ్మిది చెవి బిళ్లల నంబర్లతో సహా. ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి: సదరు డాక్టర్.

అన్నాళ్లూ ఎవరూ విప్పి చూడని నా రిపోర్టులు అప్పుడు విప్పారు.

వకీలమ్మ కేసు తీసుకోలేదు. సంఘం వద్దంది. కోర్టు ఇచ్చిన ప్లీడరు నాన్న పేరు రెండుసార్లు తప్పు పలికాడు. చెడినవాటిని నాన్న పక్కన పెట్టించేవారని బొంగురోడు సాక్ష్యం చెబుతానన్నాడు, వారం తిరక్కుండా వాళ్లింటికి ఎవరో వెళ్లొచ్చారు. ఆ తర్వాత నన్ను చూస్తే దారి మార్చి వెళ్లాడు.

బోనెక్కిన రోజు కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. నాన్న ఎదురుగా, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య. రెండు నెలల్లో చొక్కా భుజాల మీంచి జారిపోయేలా అయ్యారు.

"ఈ మూడు రిపోర్టులూ మీవేనా?" ప్రాసిక్యూటర్ అడిగాడు.

"నావే."

"పంతొమ్మిది పశువుల్లో కోత సరిగ్గా జరగలేదని రాశారు."

"రాశాను. వాటిని పక్కన పెట్టమని, ముద్ర వెయ్యొద్దని ఆయనే చెప్పేవారు. ముద్ర వేసింది వేరేవాళ్లు."

"ఆ మాట రిపోర్టులో ఉందా?"

"లేదు."

"మూడింటిలోనూ లేదా?"

"నా ఫారంలో దానికి గడి లేదు. పశువు పరిస్థితి రాస్తాం. ముద్ర సంగతి పశువైద్యుల పని కాదు."

"అంటే లేదు." జడ్జి వైపు తిరిగాడు. "ఉన్నది మాత్రం ఇది. ఈ రిపోర్టులు నిజమేనా డాక్టర్?"

నిజమేనంటే ఆరేళ్లు తక్కువ కాదు. అరవై మూడేళ్ల మనిషి, పార్టీ కుర్రాళ్లు నిండిన జైలు. కాదంటే కేసే లేదు. పంతొమ్మిదీ నా కల్పనే అయితే, రేడియోలో మాట ఒక ముసలాయన తడబాటు అవుతుంది. నా ఉద్యోగం పోతుంది, డాక్టర్ పట్టా కూడా పోవచ్చు. పోనీ.

ఇన్నాళ్లూ ఆయన్ని అడిగిన ఒక్క మాట ఇప్పుడు నా వంతుకొచ్చింది. నాకు క్షణం కూడా పట్టలేదు.

"కాదు," అన్నాను. "తప్పు రాశాను. వకీలమ్మకి సాయపడదామని నంబర్లు కల్పించాను. ఏ కోతా చెడలేదు."

హాలంతా గుసగుసలు. ప్రాసిక్యూటర్ చేతిలో రిపోర్టులు మళ్లీ తిరగేశాడు. మూడో వరసలో కార్యదర్శి ముందుకి వంగాడు. జడ్జి కలం ఆపి, "ఏమంటున్నారో తెలిసే అంటున్నారా?" అని అడిగాడు.

"తెలిసే అంటున్నాను."

అప్పుడు నాన్న లేచారు.

"అయ్యా, ఒక్క మాట."

"మీ వంతు వచ్చినప్పుడు చెప్పండి."

"అప్పటికి ఇది కాగితం మీదకి ఎక్కిపోతుంది. డాక్టరమ్మ రాసింది నిజం. నంబర్లు కూడా నిజం. ఆ పంతొమ్మిదీ నా చేతిలోనే బాధపడ్డాయి. ఆవిడ పనిలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఇప్పుడు చెప్పింది మాత్రం అబద్ధం. ప్రేమకొద్దీ చెప్పింది. దాన్ని రాసుకోకండి."

జీవితంలో మొదటిసారి ఆయన నన్ను డాక్టరమ్మ అన్నారు.

జడ్జి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆ దించుకోవడమే చాలింది. అబద్ధపు సాక్ష్యానికి మందలించి, "కూతురు కాబట్టి" అని నన్ను వదిలేశాడు. ముద్ర గురించి నేను చెప్పిన నిజం కూడా ఆ అబద్ధంతోపాటే కొట్టుకుపోయింది. నాన్నకి ఆరేళ్లు.

వరండాలో కానిస్టేబుల్ అర నిమిషం ఇచ్చాడు. బయట గేటు దగ్గర నినాదాలు మొదలయ్యాయి. ఒక పక్క పార్టీ, ఇంకో పక్క సంఘం. రెండు గుంపులూ మా నాన్న ఫొటోనే పట్టుకున్నాయి.

"నా కోసం అబద్ధం ఆడావు," అన్నారు నాన్న.

"అవును."

"మళ్లీ అడిగితే?"

సరైన జవాబేమిటో నాకు తెలుసు. ఆయన వినాలనుకున్నదీ తెలుసు. ఆరేళ్లు మోసుకెళ్లడానికి అదొక్కటి ఇచ్చి ఉండొచ్చు.

"మళ్లీ ఆడతాను నాన్నా."

ఆయన నా మొహంలోకి చూశారు. కానిస్టేబుల్ చెయ్యి పట్టుకోకముందే తనంతట తానే వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ దిగడం మొదలుపెట్టారు.